కర్నూలు, కడప సీమలో శుద్ధ ఇంధనం: పార్కు, ప్రయోగశాల, ప్రొఫెసరు

కర్నూలు, కడప ప్రాంతాల్లో శుద్ధ ఇంధనం అంటే ప్రధానంగా ఎండ నుంచీ, గాలి నుంచీ, గుట్ట మీదికి తోడి వదిలే నీటి నుంచీ తీసే కరెంటు. 2015 తర్వాత పదేళ్లలోనే ఈ మెట్ట ప్రాంతం దేశంలోని పెద్ద విద్యుత్ కేంద్రాల పటంలోకి ఎక్కింది. ఒక దశలో ప్రపంచంలోనే అతి పెద్ద సోలార్ పార్కు కర్నూలు జిల్లాలో ఉండేది. అదే కాలంలో కడపలోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల ఎండతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే పొడులపై అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు ప్రచురించింది. ఈ రెండూ ఒకే సీమలో, ఒకే ఎండ కింద జరిగినా ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. ఇక్కడి పరిశ్రమ వేలంపాట నుంచి, పెట్టుబడి నుంచి వచ్చింది. ప్రయోగశాలలో కనిపెట్టినదాన్ని కంపెనీగా మలిచిన ఇంజనీరింగ్ ప్రొఫెసర్ల కథలు తెలుగువారిలో ఉన్నాయి గానీ, అవి ఎక్కువగా సముద్రాల అవతల జరిగాయి. ఈ వ్యాసం రెండు దారులనూ, వాటి మధ్య ఉన్న ఖాళీనీ పరిశీలిస్తుంది.

ఎండ, వేడి, దుమ్ము

కర్నూలు, కడప జిల్లాల్లో ఏటా సగటున సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య రుతుపవనాలకు ఈ నేల దూరం. పంటకు శాపమైన ఈ పొడితనమే సౌర విద్యుత్తుకు వరమైంది. మబ్బులేని రోజులు ఎక్కువ. చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 నుంచి 6 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. గుట్టల మీద పడమటి గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా గట్టిగా వీస్తుంది. అప్పటి అనంతపురం జిల్లా రామగిరి, కడవకల్లు గుట్టల మీద 1990లలోనే గాలిమరలు నిలిచాయి. తర్వాత అవి కర్నూలు, కడప వైపు విస్తరించాయి.

సీమలో ఎండలు మండిపోతాయి కాబట్టి కరెంటు కూడా అంతగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. సోలార్ ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. స్ఫటిక సిలికాన్ ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం నంద్యాల దగ్గర గాలి 43 డిగ్రీలుంటే ప్యానెల్ వంటి మీద 65 డిగ్రీలు దాటుతుంది. అంటే ఆ గంటలో కాగితం మీది సామర్థ్యంలో ఆరో వంతు వేడికే పోయినట్టు. ఇంజనీర్లకు ఇష్టమైన రోజు రోహిణీ కార్తె కాదు. వాన కడిగిన ఆకాశంతో చల్లగా ఉండే రోజు. దీనికి తోడు దుమ్ము. నల్లరేగడి చేలలో దుక్కులు దున్నినప్పుడు, నాపరాయి గనుల్లో బండలు కోసినప్పుడు లేచే సన్నటి పొడి అద్దం మీద పేరుకుంటుంది. దాన్ని కడగాలంటే నీళ్లు కావాలి. తాగడానికే ట్యాంకర్లు తిరిగే ఊళ్ల పక్కన ప్యానెళ్లు కడగడానికి ట్యాంకర్లు పెట్టడం మొదటి నుంచీ ఇబ్బందికరమైన విషయమే. నీరు లేకుండా బ్రష్‌లతో తుడిచే యంత్రాలు రావడానికి ఇలాంటి ప్రాంతాల అవసరమే ఒక కారణం.

అంతకుముందు

సోలార్ రాకముందు ఈ ప్రాంతపు కరెంటుకు రెండు ఆధారాలు ఉండేవి. కృష్ణ మీద శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు కలిపి 770 మెగావాట్లు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో మొదలై, 2018లో చేరిన 600 మెగావాట్ల యూనిట్‌తో కలిపి 1650 మెగావాట్లకు చేరింది. మొదటిది వానను నమ్ముకున్నది. రెండోదానికి బొగ్గు రైళ్లలో దూరం నుంచి రావాలి. శ్రీశైలం ఎడమగట్టున ఇప్పటి తెలంగాణ వైపు ఉన్న కేంద్రంలో నీటిని వెనక్కి తోడగల యంత్రాలు కూడా పెట్టారు. ఆ పద్ధతి ఇరవై ఏళ్ల తర్వాత పాణ్యం గుట్టల మీద వేరే రూపంలో ముందుకొచ్చింది.

గని, శకునాల

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని గ్రామాల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో ఉంది. 2022 జిల్లాల పునర్విభజన తర్వాత ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో మిగిలింది, గడివేముల నంద్యాల జిల్లాకు వెళ్లింది. దాంతో పార్కు రెండు జిల్లాల మధ్య చీలిపోయినా పేరు మాత్రం కర్నూలుదే.

ఈ పార్కు ఎలా నడుస్తుందో తెలియాలంటే ముందు భూస్వామి ఎవరో, కౌలుదారు ఎవరో తెలుసుకోవాలి. నేల చదును చేసి, రోడ్లు వేసి, సబ్‌స్టేషన్లు కట్టింది ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్ ప్రైవేట్ లిమిటెడ్. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీకి ఇందులో 50 శాతం వాటా, రాష్ట్ర సంస్థలైన ఏపీ జెన్‌కోకు 41, నెడ్‌క్యాప్‌కు 9. ప్యానెళ్లు పెట్టి కరెంటు అమ్ముకునేవి మాత్రం ప్రైవేటు కంపెనీలు: గ్రీన్‌కో 500 మెగావాట్లు, అప్పట్లో సాఫ్ట్‌బ్యాంక్‌కు చెందిన ఎస్‌బీ ఎనర్జీ 350, అజూర్ పవర్ 100, అదానీ 50. మొత్తం 1000 మెగావాట్లు. ఒక్కొక్కటి 250 మెగావాట్లు మోసే నాలుగు 220 కేవీ సబ్‌స్టేషన్లలోకి కరెంటు చేరుతుంది, అక్కడి నుంచి 400 కేవీ సబ్‌స్టేషన్ దాన్ని జాతీయ గ్రిడ్‌లోకి పంపుతుంది. సుమారు 7,000 కోట్ల రూపాయల పెట్టుబడితో 40 లక్షలకు పైగా ప్యానెళ్లు బిగించారు. 2017లో పార్కు పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న సోలార్ కేంద్రాల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. తర్వాత కర్ణాటకలోని పావగడ, రాజస్థాన్‌లోని భడ్లా దాన్ని దాటిపోయాయి. ఎండ బాగా కాసిన రోజున ఇక్కడి నుంచి 80 లక్షల యూనిట్ల దాకా వస్తాయి.

గ్రీన్‌కో వాటా వెనక ఒక ముచ్చట ఉంది. 2015 నవంబరులో కేంద్ర విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ నడిపిన వేలంలో ఈ 500 మెగావాట్లను గెలిచింది అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్. పాడిన ధర యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు. అప్పటికి దేశంలో అంత తక్కువ ధర ఎవరూ పాడలేదు. ఆరు నెలలు తిరగకుండానే, 2016 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. సోలార్ చవకైపోయిందని సంబరపడిన పత్రికలే అది గాలిలో మేడ అని రాశాయి. ఆ కంపెనీ భారతదేశపు ఆస్తులను హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో కొని పార్కును పూర్తి చేసింది. గాలిలో మేడ కాదని తర్వాతి వేలాలే తేల్చాయి. ఎస్‌బీ ఎనర్జీని 2021లో అదానీ గ్రీన్ కొన్నది. గని చేలలో ప్యానెళ్లు కదల్లేదు, యజమానులు మాత్రం మారుతూ వచ్చారు.

గ్రీన్‌కోను స్థాపించినవారు చలమలశెట్టి అనిల్, కొల్లి మహేశ్. సీమలో శుద్ధ ఇంధన వ్యాపారం గురించి మాట్లాడితే తెలుగు పేర్లుగా మొదట వచ్చేవి వీరివే. వారి బలం కొత్త పదార్థాన్ని కనిపెట్టడంలో లేదు. స్థలం ఎంచుకోవడం, సింగపూర్, అబుధాబి ప్రభుత్వ నిధుల నుంచి పెట్టుబడి తేవడం, పడిపోయిన ప్రాజెక్టును సమయానికి అందుకోవడం వారి విద్య. దీన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ ఇది ఇంజనీరింగ్ ప్రొఫెసర్ దారి కాదు.

మైలవరం

కడప జిల్లా మైలవరం మండలంలో తలమంచిపట్నం, వద్దిరాల, పొన్నంపల్లి తదితర గ్రామాల్లో మరో 1000 మెగావాట్ల పార్కును తలపెట్టారు. 2017 ఏప్రిల్‌లో అందులో 250 మెగావాట్లకు జరిగిన వేలంలో ఫ్రాన్స్‌కు చెందిన సోలైర్‌డైరెక్ట్ 3 రూపాయల 15 పైసలకు పాడింది. ఏడాదిన్నరలో యూనిట్‌కు రూపాయిన్నర తగ్గిందన్నమాట. చైనా కర్మాగారాల్లో ప్యానెళ్ల ధర పడిపోవడం, వడ్డీలు తగ్గడం, కొనుగోలుదారుగా ఎన్‌టీపీసీ ఉండటం ఇందుకు కారణాలు. ఈ జాబితాలో సీమ కళాశాలల పరిశోధన వాటా లేదు.

మిగతా 750 మెగావాట్లు మాత్రం ఏళ్ల తరబడి నానాయి. 2019 జూలైలో కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడడానికి కమిటీ వేసింది. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు బకాయిలు ఆపాయి, కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందాల్లో రాసుకున్న ధరే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ధరలు ఎక్కువన్న ప్రభుత్వ వాదనలో పసలేదని చెప్పలేం. కొత్త ధర చూసినకొద్దీ పాత ధర దోపిడీలా కనిపించడం సహజం. కానీ పాతికేళ్ల ఒప్పందాన్ని అయిదేళ్ల ప్రభుత్వం మార్చగలదని తెలిశాక అప్పు ఇచ్చేవాడు వడ్డీ పెంచుతాడు, ఆ వడ్డీ చివరికి యూనిట్ ధరలోకే వస్తుంది.

నేల ఎవరిది

పార్కుల కింద పోయిన భూముల్లో ప్రభుత్వ బంజరు, పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు, సొంత పట్టా భూములు కలగలిసి ఉన్నాయి. రికార్డుల్లో బంజరు అని ఉన్నచోట నిజానికి కొర్ర, శనగ పండించుకునేవాళ్లో, గొర్రెలు మేపుకునేవాళ్లో ఉంటారు. పట్టా ఉన్నవాడికి పరిహారం వస్తుంది. మేపుకునేవాడికి కంచె అడ్డం వస్తుంది.

పక్కనే ఉన్న కర్ణాటక వేరే పద్ధతి పట్టింది. తుమకూరు జిల్లా పావగడ తాలూకా అనంతపురం సరిహద్దులో ఉంది, అక్కడ ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో కట్టిన 2050 మెగావాట్ల పార్కుకు భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకోసారి 5 శాతం పెరిగే ఏర్పాటు. రైతు భూమి రైతు పేరనే ఉంటుంది. అక్కడ కూడా భూమి లేని కూలీకి ఏమీ రాదు, ఆ లోటు అలాగే ఉంది. అయినా వాన రాని ఏడాది కూడా కౌలు వస్తుందంటే సీమ రైతుకు అదెంత పెద్ద మాటో వేరే చెప్పనక్కరలేదు.

పిన్నాపురం

సోలార్ కరెంటు పగలే వస్తుంది, ఊళ్లకు సాయంత్రం కావాలి. ఈ చిక్కుకు సీమ ఇచ్చిన జవాబు పిన్నాపురం. పాణ్యం మండలంలోని ఈ ఊరి దగ్గర గ్రీన్‌కో చేపట్టిన సమీకృత పథకంలో సోలార్, పవన విద్యుత్తుతో పాటు 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉంది. 240 మెగావాట్ల యంత్రాలు ఆరు, 120 మెగావాట్లవి రెండు. 2022 మే 17న శంకుస్థాపన జరిగింది.

పనిచేసే తీరు తేలికే. గుట్ట పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం ఎండ కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడతారు, సాయంత్రం పైనుంచి వదిలి తీస్తారు. వంద యూనిట్లు ఖర్చుపెడితే 75 నుంచి 80 దాకా తిరిగి వస్తాయి. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే రెండు చెరువుల్లో ఏదీ నది మీద లేదు. శ్రీశైలం కుడి కాలువ కింద ఉన్న గోరుకల్లు జలాశయం నుంచి ఒక్కసారి సుమారు ఒక టీఎంసీ నీరు నింపుకుంటే, తర్వాత ఆవిరైనంత మేరకు పోసుకుంటూ ఉంటే చాలు. నది మీద ఆనకట్టకు వచ్చే వరద, ముంపు, అంతర్రాష్ట్ర పేచీలు ఇక్కడ తక్కువ. అయితే ఈ ఎండలో ఆవిరయ్యే నీరు కూడా తక్కువేమీ కాదు.

ఇలా దాచిన కరెంటుకు విలువ ఎంతో 2020 జనవరిలో సెకీ వేలం చూపింది. గ్రీన్‌కో 900 మెగావాట్లు గెలిచిన ఆ వేలంలో మామూలు వేళ ధర యూనిట్‌కు 2 రూపాయల 88 పైసలు, రద్దీ వేళ 6 రూపాయల 12 పైసలు. రెండింటికీ ఉన్న తేడాయే పిన్నాపురం గుట్టల మీద జరిగే వ్యాపారం. కడప జిల్లాలో గండికోట దగ్గర 1000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకాన్ని 2022లో అదానీ సంస్థకు కేటాయించారు.

కళాశాలలు, ఒక ప్రయోగశాల

ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువుకు నలభై ఏళ్లు దాటాయి. కడపలో కె.ఎస్.ఆర్.ఎం. కళాశాల 1980 ప్రాంతంలో, కర్నూలులో జి. పుల్లారెడ్డి కళాశాల 1980ల మధ్యలో వచ్చాయి. నంద్యాల, రాజంపేటల్లో 1990లలో, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల 2006లో, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో, కర్నూలులో కేంద్ర సంస్థ ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో మొదలయ్యాయి. వీటిలో ఎలక్ట్రికల్ చదివిన పిల్లలు పార్కుల్లో సైట్ ఇంజనీర్లుగా, సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్లుగా చేరుతున్నారు. పార్కుకూ కళాశాలకూ ఉన్న సంబంధం ఎక్కువగా ఈ ఉద్యోగాల మేరకే.

పరిశోధన మాట వేరు. సీమలో దీనికి తొలి కేంద్రం తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పి. జయరామరెడ్డి, ఆ తర్వాత కె.టి. రామకృష్ణారెడ్డి వంటి ఆచార్యులు 1980ల నుంచి పల్చటి పొరల సౌరఘటాల మీద పనిచేశారు. రాగి, ఇండియం, సెలీనియం కలిసిన పొరలు, తగరం సల్ఫైడ్ పొరలు వారి వ్యాసాల్లో కనిపిస్తాయి. జయరామరెడ్డి ఫొటోవోల్టాయిక్స్ మీద రాసిన పాఠ్యగ్రంథం విద్యార్థుల చేతుల్లో చాలాకాలం తిరిగింది.

కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో పదార్థ విజ్ఞానం, నానోటెక్నాలజీ విభాగం ఉంది. అందులో ఎం.వి. శంకర్ నడిపే ప్రయోగశాల పని ఎండతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడదీయడం చుట్టూ తిరుగుతుంది. దీనికి మూలం 1972లో జపాన్ శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా ప్రచురించిన ప్రయోగం: టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని వారు చూపారు. టైటానియం డయాక్సైడ్ అంటే గోడలకు వేసే తెల్ల రంగులో ఉండే పదార్థమే. చవక, విషం కాదు, నీటిలో చెడదు. లోపం ఒక్కటే, అది అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. ఎండలో ఆ కిరణాలు నూటికి నాలుగైదు పాళ్లే. సీమలో ఎంత ఎండ కాసినా మిగతా 95 పాళ్లు దానికి కనిపించనట్టే.

కడప ప్రయోగశాల చేసిన పనిని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. టైటానియం డయాక్సైడ్ పొడిని గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, ఉక్కు పాత్రలో బిగించి, వంద డిగ్రీల పైన గంటల తరబడి ఉంచుతారు. గుండ్రటి రేణువులు పొరలుగా విడిపోయి చుట్టుకుని, కొన్ని నానోమీటర్ల వెడల్పున్న గొట్టాలవుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, వాటి మీద రాగి ఆక్సైడ్‌ను అతి సన్నటి చుక్కలుగా ఎక్కిస్తారు. ఈ పొడిని నీరు, కొద్దిగా గ్లిజరాల్ కలిపిన ద్రావణంలో కలిపి క్వార్ట్జ్ పాత్రలో పోస్తారు. లోపలి గాలిని నైట్రోజన్‌తో తరిమేసి ఎండలో పెడతారు. కాసేపటికి సన్న బుడగలు లేస్తాయి. గంటకోసారి సిరంజితో వాయువు తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే ఎంత హైడ్రోజన్ వచ్చిందో తెలుస్తుంది. గ్లిజరాల్ ఎందుకంటే, అది బయోడీజిల్ తయారీలో మిగిలిపోయే సరుకు. ప్లాటినానికి బదులు రాగి ఎందుకంటే ఖరీదు. రాగి ఆక్సైడ్ చుక్క పరిమాణం తగ్గితే హైడ్రోజన్ ఎలా పెరుగుతుందో చూపిన వ్యాసం 2013లో కెమికల్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి చెందిన వి. దుర్గాకుమారి బృందం అందులో భాగస్వామి.

ఇది జిల్లా కేంద్రంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఖరీదైన లేజర్లు, శుభ్రగదులు లేనిచోట కాస్టిక్ సోడా, ఓవెన్, ఎండ నమ్ముకుని ప్రపంచంతో పోటీకి దిగగల అంశాన్ని ఎంచుకోవడమే ఇక్కడి తెలివి. కానీ వాయువు మిల్లీలీటర్లలో వస్తుంది. దాన్ని కిలోల్లోకి, కంపెనీలోకి తీసుకెళ్లడానికి కావలసినవి వేరే ఉన్నాయి.

లూయివిల్‌లో ఒక తెలుగు ప్రొఫెసర్

ఆ వేరే కావలసినవి ఏమిటో చూడాలంటే మహేంద్ర సుంకర వృత్తి జీవితం మంచి ఉదాహరణ. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1986లో కెమికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్లారు. క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో 1988లో ఎం.ఎస్., కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో 1993లో పీహెచ్.డీ. ఆ వెంటనే ప్రొఫెసర్ కాలేదు. మూడేళ్లు ఒహాయోలోని ఫారడే టెక్నాలజీ అనే చిన్న కంపెనీలో ఎలక్ట్రోకెమికల్ పనులు చేశారు. 1996లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఈ మధ్యలోని మూడేళ్లు ముఖ్యం. చిన్న కంపెనీ ఎలా బతుకుతుందో, సరుకు కిలోల్లో ఎందుకు కావాలో చూసి వచ్చిన మనిషి ప్రయోగశాలలో అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

ఆయన పేరు తెచ్చిన పని నానోతీగలు. సిలికాన్ నానోతీగలు పెంచడానికి అందరూ బంగారు చుక్క వాడేవారు. ఒక చుక్కకు ఒక తీగ. సుంకర బృందం బంగారానికి బదులు గాలియం తీసుకుంది. గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది. వేసవిలో కర్నూలులో బల్ల మీద పెడితే చూస్తుండగానే నీరైపోయే లోహం. సిలికాన్ అందులో ఇమడడానికి ఇష్టపడదు, అందుకే పెద్ద గాలియం మడుగులో వేలాది చోట్ల ఒకేసారి స్ఫటికాలు పుట్టి గుబురుగా తీగలు లేస్తాయి. 2001లో అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్‌లో వచ్చిన ఆ వ్యాసపు అసలు మాట తీగ కాదు, రాశి. తర్వాత మైక్రోవేవ్ ప్లాస్మా జ్వాలలో లోహపు పొడిని జారవిడిచి జింక్ ఆక్సైడ్ వంటి నానోతీగలను పొడిగానే తయారుచేసే పద్ధతిని 2008లో ప్రచురించారు. మెయ్య మెయ్యప్పన్‌తో కలిసి 2010లో నానోతీగల మీద పుస్తకం తెచ్చారు. విశ్వవిద్యాలయానికి కాన్ దంపతులిచ్చిన విరాళంతో వచ్చిన కాన్ పునరుత్పాదక ఇంధన పరిశోధన కేంద్రానికి డైరెక్టర్ అయ్యారు.

కడప ప్రయోగశాలను వేధించిన సమస్యే ఆయన్నూ పట్టుకుంది: ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకునే పదార్థం ఏది? 2011లో పొరుగునున్న కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన మధు మీనన్ లెక్కలు కట్టి, గాలియం నైట్రైడ్‌లో 2 శాతం ఆంటిమొనీ కలిపితే కంటికి కనిపించే వెలుగుతో నీటిని విడదీసే గుణం వస్తుందని చెప్పారు. సుంకర బృందం దాన్ని తయారుచేసి పరీక్షించింది.

ఆయన స్థాపించిన అడ్వాన్స్‌డ్ ఎనర్జీ మెటీరియల్స్ కంపెనీ మాత్రం హైడ్రోజన్‌తో మొదలు కాలేదు. జింక్ ఆక్సైడ్ నానోతీగల పొడిని డీజిల్ వంటి ఇంధనాల నుంచి గంధకాన్ని పీల్చేసే పదార్థంగా మలిచి మార్కెట్‌లోకి వెళ్లింది. శుద్ధ ఇంధనం అనగానే ఎండ, గాలి గుర్తొచ్చేవారికి ఇది నిరుత్సాహంగా ఉండొచ్చు. కానీ ఇవాళ డబ్బిచ్చి కొనేవాడు ఎక్కడున్నాడో అక్కడ మొదలుపెట్టి, రేపటి పదార్థం మీద పరిశోధన కొనసాగించడం ఈ దారిలో నడిచినవారి అలవాటు. తిరుచ్చిలో చదివి అరిజోనా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన కె.ఆర్. శ్రీధర్ కథ కూడా ఇలాంటిదే. అంగారకుడి మీద ఆక్సిజన్ తయారీ కోసం నాసాకు చేసిన పరికరాన్ని తిరగేసి ఫ్యూయల్ సెల్‌గా మార్చారు. 2001లో కంపెనీ పెట్టారు. అదే బ్లూమ్ ఎనర్జీ పేరుతో 2018లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది.

ఈ ఇద్దరి వెనకా ఒక చట్టం ఉంది. 1980లో అమెరికా చేసిన బే–డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన మీద పేటెంటు హక్కు విశ్వవిద్యాలయానిది. అది కంపెనీకి లైసెన్సు ఇవ్వవచ్చు, ప్రొఫెసర్ ఆ కంపెనీలో వాటాదారు కావచ్చు. దానికి తోడు చిన్న కంపెనీలకు ప్రభుత్వ పరిశోధన గ్రాంట్లు. భారతదేశంలో ఇలాంటి బిల్లును 2008లో రాజ్యసభలో పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అధ్యాపకులు స్టార్టప్ పెట్టవచ్చని, అందుకు సెలవు కూడా తీసుకోవచ్చని చెప్పే జాతీయ విధానం 2019లో వచ్చింది. కాగితం మీద దారి తెరుచుకుంది. వారానికి పదహారు గంటల పాఠాలు చెప్పే జిల్లా కళాశాల అధ్యాపకుడికి ఆ సెలవు ఇవ్వాలంటే ఆ పాఠాలు ఎవరు చెప్తారన్నది మాత్రం విధానంలో తేలే విషయం కాదు.

మూడో రకం ప్రొఫెసర్

కంపెనీ పెట్టడమే ప్రొఫెసర్ గెలుపుకు కొలమానం అనుకోవడం కూడా పొరపాటే. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ ఆచార్యుడైన అమూల్య రెడ్డి 1974లో ‘ఆస్ట్ర’ అనే కార్యక్రమం మొదలుపెట్టి గ్రామాల ఇంధన అవసరాలను లెక్కగట్టారు. తుమకూరు జిల్లా పుర గ్రామంలో పేడతో నడిచే గ్యాస్ ప్లాంటు నుంచి ఇంజన్ తిప్పి ఇళ్లకు దీపాలు, కొళాయిల్లో నీళ్లు ఇచ్చారు. పేడ తెచ్చిన ఇంటికి ఎరువు తిరిగి ఇచ్చేవారు. ప్రజలకు కావలసింది కిలోవాట్లు కాదు, దీపం, నీళ్లు, వంట అనేది ఆయన వాదన. మెగావాట్లు లెక్కపెట్టే పావగడ పార్కు, ఇళ్లు లెక్కపెట్టిన పుర ప్లాంటు, రెండూ ఒకే జిల్లాలో ఉండటం చరిత్ర చేసిన చిత్రం. సీమలో ఆస్ట్ర లాంటి ప్రయత్నం అంత పట్టుదలగా సాగలేదనే చెప్పాలి.

హైడ్రోజన్, మళ్లీ నీళ్లు

2024 అక్టోబరులో ప్రకటించిన సమీకృత శుద్ధ ఇంధన విధానంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 160 గిగావాట్ల సామర్థ్యాన్ని, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడిని లక్ష్యంగా పెట్టుకుంది. సోలార్, పవన, పంప్డ్ స్టోరేజీతో పాటు హరిత హైడ్రోజన్ కూడా అందులో ఉంది. హైడ్రోజన్ లెక్క సీమకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. రసాయన సూత్రం ప్రకారమే ఒక కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల స్వచ్ఛమైన నీరు కావాలి. కరెంటుతో నీటిని విడదీసే ఎలక్ట్రోలైజర్‌కు పనికొచ్చేలా నీటిని శుద్ధి చేయడం, యంత్రాలను చల్లబరచడం కలిపితే ఆ అంకె రెట్టింపు దాటుతుంది. కరెంటు ఓర్వకల్లులో ఉంది, నీరు సముద్రం ఒడ్డున ఉంది. అందుకే పెద్ద హైడ్రోజన్ ప్రాజెక్టులు విశాఖ వైపు చూస్తున్నాయి. సీమ కరెంటు తీగల మీద అక్కడికి వెళ్తుంది. కడప ప్రయోగశాలలో క్వార్ట్జ్ పాత్రకు సరిపోయేంత నీటితో ఎండ నుంచి నేరుగా హైడ్రోజన్ తీసే పద్ధతి ఎప్పటికైనా పాత్ర దాటి బయటికొస్తే, మధ్యలో ప్యానెల్, తీగ, ఎలక్ట్రోలైజర్ ఉండవు. నీరు మాత్రం అప్పుడూ కావాలి.